నిమిషంన్నర పాట: ఒక గొంతు, ఒక గిటారు ఉన్నవాళ్లకు

నా మొదటి సొంత పాట నిడివి 5 నిమిషాల 40 సెకన్లు. మూడు చరణాలు, రెండు వాయిద్యాల బిట్లు, మధ్యలో ఒక ఆలాపన. ఒక చిన్న కాఫీ షాపులో ఇరవై మంది ముందు పాడాను. రెండో చరణంలో ఉండగా పాలు నురగ తీసే మెషీన్ మొదలైంది. దాన్ని ఆపమని ఎవరూ అనలేదు. పాట అయిపోయాక ముందు టేబుల్ దగ్గర కుర్రాడు చప్పట్లు కొడుతూనే అడిగాడు: "అన్నా, ఇందులో రెండో పాట ఎక్కడ మొదలైంది?"

వాడు వెటకారానికి అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ ప్రశ్న నాకు చాలా నేర్పింది. సినిమా పాటలు విని పెరిగిన మనం, తెలియకుండానే సినిమా పాట కొలతలతో రాసేస్తాం. ఆ పాటకు వెనకాల వయొలిన్లు ఉంటాయి, తెరమీద లొకేషన్ మారుతుంది, డాన్స్ ఉంటుంది. చరణం కాస్త నీరసపడినా మోసేవాళ్లు నలభై మంది ఉంటారు. మన దగ్గర ఉన్నది ఒక గొంతు, ఒక గిటారు, ఎవరి ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియని గది. ఇక్కడ ప్రతి మాటా తన బరువు తానే మోసుకోవాలి.

ఇప్పుడు నేను రాసే పాటలు నిమిషంన్నర నుంచి రెండున్నర నిమిషాల మధ్య ఉంటాయి. ఎలా రాస్తానో ఒక పాటను మొదటినుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను.

ముందుగా, క్లుప్తత మనకు కొత్త కాదు

రీల్స్ వచ్చి పాటల్ని కుదించేశాయని బాధపడేవాళ్లు ఒకసారి గ్రామఫోన్ రోజులు గుర్తుచేసుకోవాలి. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అంతలో పాడగలిగిందే రికార్డయ్యేది. అంతకన్నా వెనక్కి వెళ్తే వేమన పద్యం ఉంది. ఆటవెలదికి నాలుగే పాదాలు. నాలుగోది మకుటానికి పోతుంది, కాబట్టి చెప్పాల్సింది మూడు పాదాల్లోనే చెప్పాలి. ఆయనకు సరిపోయింది.

బతుకమ్మ పాట చూడండి. ఒకరు లైను పాడతారు, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అంటారు. ఆ ఒక్క మాట వల్ల అప్పుడే వచ్చి కలిసిన మనిషి కూడా రిహార్సల్ లేకుండా పాటలో ఉంటుంది. సొంతంగా పాడుకునేవాళ్లు దొంగిలించాల్సిన కిటుకు ఇది. అయితే ఒగ్గు కథకో, బుర్రకథకో ఈ కొలతలు వర్తించవు. అక్కడ కథ నడవాలి, రాత్రి గడవాలి. చెప్పాల్సిన కథ పెద్దదైతే పెద్దగానే చెప్పండి. నేను మాట్లాడుతున్నది ఒకే ఒక్క ముచ్చట ఉన్న పాట గురించి.

మొదటి మెట్టు: భావం వద్దు, వస్తువు పట్టుకోండి

"ఒంటరితనం మీద పాట రాస్తాను" అని కూర్చుంటే మనసు, మౌనం, చీకటి, కన్నీరు వరసగా వచ్చి కూర్చుంటాయి. ఆ మాటలన్నీ అప్పటికే వేల పాటల్లో అరిగిపోయాయి. దానికి బదులు చేత్తో పట్టుకోగలిగిన వస్తువు ఒకటి వెతకండి.

నాకు దొరికింది ఒక తాళం. మా అవ్వ ఇంటిది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు పోయింది. తాళం మాత్రం ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది. దీని గురించి నేను మొదట రాసుకున్న లైను ఇది:

బాల్య స్మృతుల కోవెల నేడు శిథిలమై మిగిలె

సిగ్గుపడుతూనే చూపిస్తున్నాను. ఇందులో అవ్వ లేదు, ఇల్లు లేదు, తాళం లేదు. ఎవరి బాల్యానికైనా అతికించుకోవచ్చు, అందుకే ఎవరికీ అంటుకోదు.

రెండో మెట్టు: ఫోన్లో స్నేహితుడికి చెప్పినట్టు చెప్పండి

కాగితం పక్కన పెట్టి, ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, విషయం గట్టిగా చెప్పండి. రాయొద్దు, మాట్లాడండి. నేను రెండు నిమిషాలు వాగిన దాంట్లో ఒకచోట ఇలా అన్నాను: "తాళమైతే ఉందిరా నా దగ్గర, కానీ ఏం లాభం, తలుపే లేదు కదా."

అక్కడ ఆపేశాను. పాట దొరికింది. మనం మాట్లాడేటప్పుడు తెలుగు తనంతట తాను లయలో ఉంటుంది. రాయడం మొదలుపెట్టగానే సమాసాలు మొదలవుతాయి. సమాసానికి ఇంకో చిక్కు కూడా ఉంది: మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చోటివ్వదు.

మూడో మెట్టు: నడక

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. చాలామంది తెలుగు ఇండీ పాటలు (సినిమాకు బయట సొంతంగా చేసుకునేవి) తడబడేది ఇక్కడే. ఇంగ్లిష్ పాట బాణీ మనసులో పెట్టుకుని తెలుగు మాటల్ని అందులో కుక్కుతారు. అప్పుడు పొట్టి అక్షరాలు సాగుతాయి, పొడుగు అక్షరాలు నలిగిపోతాయి.

ఛందస్సు అంతా నేర్చుకోనక్కర్లేదు. ఇంత తెలిస్తే చాలు. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలకడానికి పట్టే సమయం. క, కి, కు లాంటి పొట్టి అక్షరానికి ఒక మాత్ర. కా, కీ, కో లాంటి పొడుగు అక్షరానికి రెండు. సున్న ఉన్న అక్షరానికి రెండు. ఒత్తుకు ముందున్న పొట్టి అక్షరానికీ రెండే. "అవ్వ"లో "అ" పొట్టిదే, కానీ పక్కన "వ్వ" ఉంది కాబట్టి రెండు మాత్రలు. మొత్తం మూడు.

ఇప్పుడు నా మాటను కొంచెం సర్దితే:

తాళమైతే ఉంది గానీ
తలుపు లేదే

లెక్కపెట్టండి. తాళ మూడు, మైతే నాలుగు. ఉంది మూడు, గానీ నాలుగు. తలుపు మూడు, లేదే నాలుగు. 3+4, 3+4, 3+4. సంగీతంలో దీన్ని మిశ్రగతి అంటారు. "తకిట తకధిమి" అని చేత్తో వేస్తూ ఆ లైన్లు చదివి చూడండి, ఎక్కడా కాలు జారదు. తెలుగు మాటకు ఈ 3+4 నడక ఎంత సహజమో, దాన్ని నాలుగు దెబ్బల 4/4లోకి మడిచి మనం ఎంత కష్టపెడుతున్నామో అప్పుడు తెలుస్తుంది. అందరూ మిశ్రగతిలోనే రాయాలని కాదు. మీ మాట నాలుగుల్లో పడితే నాలుగే వేసుకోండి, ఐదుల్లో పడితే ఖండగతి. మాట ముందు, నడక తర్వాత.

రెండు లైన్లూ "త"తోనే మొదలయ్యాయి గమనించారా? పాత పద్యాల్లో యతి చేసే పనిలాంటిదే ఇది. నేను ప్రయత్నపూర్వకంగా పెట్టలేదు, మాట్లాడేటప్పుడే వచ్చింది. అంత్యప్రాస విషయంలో మాత్రం జాగ్రత్త. మనసు, సొగసు, తెలుసు, అలుసు అనే నలుగురన్నదమ్ములు తలుపు దగ్గరే కాచుకుని ఉంటారు. ఒకడిని లోపలికి రానిస్తే మిగతా ముగ్గురూ వస్తారు. చిన్న పాటకు చివర ప్రాస లేకపోయినా కొంప మునగదు.

నాలుగో మెట్టు: బాణీ ఐదు స్వరాల్లో

వినేవాళ్లలో ఎక్కువమంది గాయకులు కాదు. వాళ్లు బస్సులో కూనిరాగం తీయగలిగితేనే పాట బతుకుతుంది. అందుకని నేను పల్లవిని స నుంచి ప దాకా, ఆ ఐదు స్వరాల్లోనే కడతాను. చరణంలో కావాలంటే ఇంకొకటి పైకి.

బాణీ కట్టేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పొట్టి అక్షరాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది. "పడు"ను సాగదీస్తే "పాడు". "వన" కాస్తా "వాన". "కల"ను లాగితే "కాల". తెలుగు రాని సంగీత దర్శకులు చేసిన పాటల్లో ఈ తమాషాలు కొల్లలు. మన భాష మనకు వచ్చి కూడా ఆ తప్పు చేయడం ఎందుకు? మన పల్లవిలో "తలుపు" మూడూ పొట్టి అక్షరాలే. వాటిని మూడు చిన్న దెబ్బల్లా టకటకా అనేశాను. తలుపు తట్టినట్టే వచ్చింది. అది నా తెలివి కాదు, మాటలోనే ఉంది.

రెండోది, పై స్వరం ఏ అక్షరం మీద పడుతుందన్నది. నేను మొదట "ఉంది" మీద పంచమం, అంటే "ప" పెట్టాను. "ఉం" అనగానే నోరు మూసుకుంటుంది, గొంతు పైకి పోవాలంటుంది. వారం రోజులు పాడి, గొంతు బాగాలేదనుకున్నాను. తీరా చూస్తే తప్పు గొంతుది కాదు. ఆ స్వరాన్ని "గానీ"లోని "గా" మీదకు జరిపాను. నోరు బాగా తెరుచుకుంటుంది కాబట్టి హాయిగా పలికింది. పై స్వరానికి ఆ, ఓ వెతుక్కోండి. ఇ, ఉ, సున్న ఉన్నచోట కిందే ఉండండి.

ఐదో మెట్టు: రెండు చరణాలు, ఒక్కోదానికి ఒక్కో పని

పల్లవి వినగానే వినేవాడికి రెండు అనుమానాలు వస్తాయి. ఈ తాళం నీకెలా వచ్చింది? తలుపు ఎందుకు లేదు? ఆ రెండింటికీ జవాబులే రెండు చరణాలు. మూడో అనుమానం లేదు కాబట్టి మూడో చరణం లేదు.

అవ్వ కొంగున ముడిని విప్పీ
చేతిలోనే పెట్టి పోయే

ఎర్ర రంగుతొ గీత గీసీ
గోడ మొత్తం కూల్చినారే

అదే 3+4 నడక. "రంగుతో"ను "రంగుతొ" అని కుదించడం, "విప్పి"ని "విప్పీ" అని సాగదీయడం పాటలో మామూలే. కానీ ఒక పాటలో రెండు మూడు చోట్లకు మించి అలాంటి సర్దుబాట్లు కావాల్సొస్తే, నడక తప్పు ఎంచుకున్నామని అర్థం.

మొదటి చరణంలో "తాళం" అన్న మాట లేదు. పల్లవిలో చెప్పేశాం కాబట్టి మళ్లీ చెప్పనక్కర్లేదు. "పోయే" అన్నది ఇచ్చి వెళ్లిపోవడమా, కాలం చేయడమా? రెండూ. ఒక మాట రెండు పనులు చేస్తే ఒక లైను మిగిలినట్టే. ఎర్ర రంగు గీత అంటే ఏమిటో రోడ్డు వెడల్పు చూసిన ఏ ఊరివాళ్లకీ వివరించాల్సిన పనిలేదు. ఎవరు గీశారు, నష్టపరిహారం ఎంత అన్నది వేరే సంగతి, పాటలో దానికి చోటు లేదు.

బాధ, దుఃఖం, జ్ఞాపకం అన్న మాటలు ఎక్కడా వాడలేదు. వాడితే వినేవాడు పడాల్సిన బాధ నేనే పడేసినట్టవుతుంది.

ఆరో మెట్టు: కత్తెర

నిజం చెప్పాలంటే మూడో చరణం రాశాను. వేపచెట్టు మీద. బాగా వచ్చింది కూడా. పాడినప్పుడల్లా పాట అక్కడ కాసేపు కూర్చుండిపోయేది. చెట్టు అందంగా ఉంది గానీ తాళానికి సంబంధం లేదు. తీసేశాను. ఇంకో పాటకు పనికొస్తుందని వేరే నోట్‌లో దాచుకున్నాను, ఇంకా పనికి రాలేదు.

కత్తిరించడానికి నేను వాడే పద్ధతి మొరటుగా ఉంటుంది. పాటను ఒక లైను తీసేసి పాడతాను. నాకే లోటు తెలియకపోతే ఇక ఎవరికీ తెలియదు. అలా ఒక్కో లైనూ తీసి చూస్తాను. తర్వాత మాటల వంతు. ఎంతో, అలా, మరి, ఓ, కదా అన్నవి చాలాసార్లు మాత్రలు నింపడానికి పెట్టుకున్న ఇటుక ముక్కలే. వాటి చోట ఖాళీ వదిలి గిటారు మోగనివ్వండి.

అయితే కత్తెర చేతిలో ఉంది కదా అని అన్నీ కోసేయకండి. ఒకే హుక్ లైను పదహారుసార్లు తిప్పితే అది సరళత అనిపించుకోదు, బద్ధకం. ఈమధ్య అలాంటివి చాలా వస్తున్నాయి. నా లెక్కలో పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ వినేవాడికి అంతకుముందుకన్నా ఒక ముక్క ఎక్కువ తెలిసి ఉండాలి. మొదటిసారి "తలుపు లేదే" అన్నప్పుడు అది వింత. గోడ కూలాక అన్నప్పుడు అవే మాటలు వేరేగా వినిపిస్తాయి. మాట మార్చకుండానే అర్థం మార్చడం మళ్లీ మళ్లీ పాడటంవల్లే కుదురుతుంది.

ఏడో మెట్టు: గడియారం పెట్టి చూడండి

మాత్రల లెక్క వచ్చాక నిడివి లెక్క కూడా వస్తుంది. నిమిషానికి 210 మాత్రల వేగం అనుకుందాం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 7/8 పెట్టి టెంపో 105 ఇస్తే అదే. అంటే ఏడు మాత్రలకు రెండు సెకన్లు.

పల్లవి మాటలు 21 మాత్రలు, తర్వాత ఏడు మాత్రలు ఖాళీ. మొత్తం 28, ఎనిమిది సెకన్లు. చరణం కూడా 28 మాత్రలే. ఇక వరస: గిటారుతో ఆరంభం 8 సెకన్లు, పల్లవి రెండుసార్లు 16, మొదటి చరణం రెండుసార్లు 16, పల్లవి 8, చిన్న బిట్ 8, రెండో చరణం రెండుసార్లు 16, పల్లవి రెండుసార్లు 16, ముగింపు 8. కూడితే 96 సెకన్లు. నిమిషంన్నర మీద ఆరు.

మాట ఎనిమిదో సెకనులో మొదలవుతోంది, 24వ సెకనుకల్లా పల్లవి రెండుసార్లు వినిపించేసింది. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్‌గా లెక్క. ఆ లెక్క కోసం పాట రాయమని నేను చెప్పను. కానీ నిమిషంపాటు ఆంబియెంట్ ప్యాడ్ (కీబోర్డు మీద సాగే నేపథ్య ధ్వని) మోగించి ఆ తర్వాత నోరు తెరిచే అలవాటుంటే, అప్పటికి శ్రోత వెళ్లిపోయి ఉంటాడు.

ముగింపు ఎనిమిది సెకన్లలో ఒక చిన్న పని చేశాను. "తాళమైతే ఉంది గానీ" అని పాడి ఆపేశాను. గిటారు కూడా ఆపేశాను. రెండో సగం పాడలేదు. అప్పటికి ఐదుసార్లు విన్నవాళ్లు దాన్ని లోపల వాళ్లే పూర్తి చేసుకుంటారు.

ఎనిమిదో మెట్టు: వాయిద్యాలు

ఇది త్వరగా అయిపోతుంది. రెండు కార్డ్స్: ఏ మైనర్, జి. చరణంలో కావాలంటే ఎఫ్. ఏడులో మొదటి దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా. డప్పో, కంజీరో వాయించే స్నేహితుడుంటే రెండో చరణంనుంచి రమ్మనండి, మొదట్నుంచీ వద్దు. అంతే.

తొమ్మిదో మెట్టు: పాటను బయట వదిలి చూడండి

వాయిద్యం లేకుండా, ఉత్త గొంతుతో, సంగీతంతో సంబంధం లేని మనిషి ముందు పాడండి. ఎలా ఉందని అడగొద్దు. మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. అరగంట ఆగి, టీ తాగుతూ, "ఇందాక పాడిందేమిటి, ఒకసారి అను" అనండి. పల్లవి మాటలు తిరిగి వస్తే నిలబడినట్టు. మాటలు రాకుండా బాణీ మాత్రమే వస్తే మాటలు మాట్లాడే భాషకు దూరంగా ఉన్నాయి. మాటలు వచ్చి బాణీ రాకపోతే అందులో మలుపులు ఎక్కువయ్యాయి.

నేను అమ్మ ముందు పాడాను. అరగంట తర్వాత ఆవిడ "తాళముంది గానీ తలుపు లేదే" అంది. "మైతే" పోయింది. పాడి చూస్తే ఆవిడ మాట కూడా బాగానే ఉంది, కానీ నాలుగు మాత్రలు తగ్గి నడక కుంటుతోంది. నాదే ఉంచాను. ఇంకోచోట మాత్రం ఆవిడే గెలిచింది. మొదట నేను "గోడలన్నీ కూల్చినారే" అని రాశాను. "ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే కదరా" అంది. "మొత్తం" అక్కణ్నుంచి వచ్చింది. ఆ రెండు మాటలకూ మాత్రలు సమానమే.

చివరగా, హక్కుల గొడవ

పాట చిన్నదైతే హక్కు చిన్నదైపోదు. మన చట్టంలో సాహిత్యం ఒక రచన, బాణీ వేరే రచన, రికార్డింగ్ మూడోది. మొదటి రెండింటికీ రాసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా హక్కు పుడుతుంది, కాకపోతే వివాదం వస్తే ఎప్పుడు రాశామో చూపించుకోవాలి. మాటలు మీవి, బాణీ స్నేహితుడిది అయితే విడుదలకు ముందే ఎవరికెంత అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత మాట్లాడుకుందాం అనుకున్నవాళ్లు తర్వాత మాట్లాడుకోవడం మానేయడం నేను చూశాను. పాటలు నాలుగైదు బయటికి వచ్చాక రచయితలు, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం గురించి ఆలోచించండి.

బాణీ జానపదానిదైతే ఆ మాట దాచకుండా వేయండి. ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో తెలిస్తే, వాళ్లు సరేనంటే, అదీ రాయండి.

డబ్బు విషయంలో పెద్ద ఆశలు వద్దు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు ఏడాదిలో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. చిన్న పాటల సుఖం ఏమిటంటే, ఒక పెద్ద పాటకు పట్టే స్టూడియో టైములో మూడు చేయొచ్చు. ఏది ఎవరికి అంటుకుంటుందో ముందే తెలియదు కాబట్టి మూడు వదలడం నయం.

రెండో మెట్టులో ఫోన్లో వాగిన రికార్డింగ్ ఉంది చూశారా, దాన్ని డిలీట్ చేయకండి. తేదీతో సహా వేరే ఫోల్డర్లో పెట్టి, ఒక కాపీ మీకే మెయిల్ చేసుకోండి. నా తాళం పాట రికార్డింగ్‌లో వెనకాల కుక్కర్ మూడు విజిల్స్ వేసింది.